పేరు ముందు ర్యాంకు చాలదు

2025 మే 8న, ఆపరేషన్ సిందూర్ సాగుతుండగా, సూరత్ పక్కనున్న హజీరా రేవుపై దాడి జరిగిందంటూ ఒక వీడియో దేశమంతా తిరిగింది. అది 2021 జూలై 7 నాటి చమురు ట్యాంకర్ పేలుడు దృశ్యమని, హజీరాతో సంబంధం లేదని ప్రెస్ ఇన్ఫర్మేషన్ బ్యూరో తేల్చింది. సూరత్ మరమగ్గాల మీద తెలంగాణ నేత కుటుంబాలు వేలల్లో బతుకుతున్నాయి. ఇలాంటి వదంతి అక్కడా, ఇక్కడి సొంతూళ్లలోనూ ఎంత గుబులు రేపుతుందో ఊహించుకోవచ్చు.

పాత వీడియోను పట్టుకోవడం తేలిక. అరకొర సమాచారాన్ని ఆధారంగా చేసుకుని గంటల తరబడి యుద్ధాన్ని వివరించే ఆన్‌లైన్ వ్యాఖ్యాతను అంచనా వేయడమే కష్టం. డెహ్రాడూన్ మిలిటరీ అకాడమీలో శిక్షణ పొంది, దశాబ్దాలు సైన్యంలో పనిచేసినవాడిగా చెబుతున్నాను: ర్యాంకు మాకు జీవితాంతం ఉంటుంది. కానీ రహస్య సమాచారం అందడం పదవీ విరమణ రోజుతోనే ఆగిపోతుంది. ఆ తర్వాత మేం చెప్పేది అనుభవంతో చేసే అంచనా మాత్రమే. దాన్ని లోపలి కబురుగా అమ్మడం మోసం.

వ్యాఖ్యాతకు విషయం తెలుసో లేదో చూడటానికి హజీరాలోనే మంచి గీటురాయి ఉంది. అక్కడి ఎల్ అండ్ టీ కర్మాగారంలో కె9 వజ్ర తయారవుతుంది. 2017 ఒప్పందం ప్రకారం వంద వజ్రలు 2021 ఫిబ్రవరికల్లా సైన్యానికి అందాయి. 2024 డిసెంబరులో రక్షణ శాఖ రూ.7,628.70 కోట్లతో మరిన్నింటికి ఒప్పందం చేసుకుంది. దీన్ని ట్యాంకు అనేవారు ఇప్పటికీ ఉన్నారు. ట్యాంకు ఎదురుగా కనిపించే శత్రువును కొడుతుంది. వజ్ర చైన్ల మీద కదిలే 155 మి.మీ. ఫిరంగి, కొండ అవతల కనిపించని లక్ష్యాన్ని దూరం నుంచి కొడుతుంది. ఈ తేడా తెలియనివారు యుద్ధ వ్యూహం చెబితే ఎంతవరకు నమ్మాలి?

రెండో పరీక్ష, పాత మాటలు. మన విమానమే కూలలేదని కొందరు, ఆరు కూలాయని మరికొందరు ఆ మే నెలలో ఢంకా బజాయించారు. మే 31న సింగపూర్‌లో త్రిదళాధిపతి జనరల్ అనిల్ చౌహాన్ నష్టం జరిగిందని ఒప్పుకున్నారు. ఆరు అన్న లెక్క తప్పన్నారు. తప్పుడు కథనాలను ఎదుర్కోవడానికే బలగాల సమయంలో 15 శాతం పోయిందనీ చెప్పారు. పోరాడాల్సిన సమయం అది. ఆ తర్వాత ఎంతమంది వ్యాఖ్యాతలు తమ మాట సవరించుకున్నారో వారి ప్రేక్షకులే లెక్క చూసుకోవాలి.

అలాగని మాజీ సైనికులు నోరు మూసుకోవాలని కాదు. రక్షణ కొనుగోళ్లను, సైనిక నిర్ణయాలను నిలదీసే గొంతు ప్రజాస్వామ్యానికి అవసరం. పొగడ్త దేశభక్తీ కాదు, విమర్శ ద్రోహమూ కాదు. అయితే వ్యాఖ్యాత ఏ విభాగంలో పనిచేశారు, ఏ ఏడాది రిటైరయ్యారు, ఆయుధ సంస్థలతో లావాదేవీలున్నాయా అన్న మూడు వివరాలను ఛానెళ్లు, పత్రికలు పేరు పక్కనే ఇవ్వాలి. ఈ నియమం ఈ శీర్షికకూ, నాకూ వర్తించాలి.