దరఖాస్తులో దాచిన మాతృభాష

"తెలుగు కూడు పెట్టునా?" అని మన సంఘపు సమావేశములలో ఎవరో యొక పెద్దమనిషి లేచి అడుగుచునే యుందురు. ఉద్యోగములు దొరకని దినములలో పిల్లలకు అఆలు దిద్దించి కాలము వ్యర్థము చేయనేల యని వారి వాదము. ఇంతకాలము మర్యాదకొరకు వినుచు వచ్చితిమి. ఇక వినజాలము. ఏలయన, ఉద్యోగము పేరు చెప్పి తెలుగును మానిపించిన ఇండ్లలోనే ఉద్యోగపు దరఖాస్తు నింపుటకు తడబడు పిల్లలను చూచుచున్నాము.

ఆ దరఖాస్తునే ముందుంచుకొందము. మొదటి గడి పేరు. ఆంధ్రదేశమున ఇంటిపేరు ముందు వచ్చును. తమిళనాట తండ్రి పేరులోని తొలి అక్షరమును ముందు చేర్తురు. మహారాష్ట్రమున తన పేరు, తండ్రి పేరు, కడపట ఇంటిపేరు. షోలాపురమున బడిచదువు చదివి చెన్నపట్టణమున బి.ఏ. ముగించిన పిల్లవానికి ఒక్కొక్క సర్టిఫికెట్టులో ఒక్కొక్క పేరు. సర్టిఫికెట్లు సరిచూచునాడు "వీరు ఇద్దరా, ఒకరా?" యని గుమాస్తా అడిగినచో తప్పు గుమాస్తాది కాదు, పదవ తరగతి పత్రము చేతికి వచ్చిననాడే సరిచేయింపని మనది.

ఇది చిన్నమాట. మాతృభాష గడికి వచ్చుసరికి మన బిడ్డల కలము ఆగును. తెలుగని వ్రాసిన పరాయివాడనుకొందురేమో యని రాష్ట్రభాష పేరు వ్రాయించు తలిదండ్రులను మేమెరుగుదుము. తరతరములుగా ఈ నేలను దున్ని, ఈ యూళ్ల మగ్గములపై నేసి, పన్నులు కట్టినవారికి ఈ భయమేల? వంశమును బట్టి గాని జన్మస్థలమును బట్టి గాని ప్రభుత్వోద్యోగము నిరాకరింపరాదని రాజ్యాంగపు 16వ అధికరణము చెప్పుచున్నది. 1894లో బరంపురమున తెలుగింట పుట్టిన వి.వి.గిరిగారు 1969లో రాష్ట్రపతి యగుటకు ఇంటిభాష అడ్డురాలేదు.

తరువాతి గడి తెలిసిన భాషలు. చదువుట, వ్రాయుట, మాటలాడుట అని మూడు గుర్తులు. తెలుగు ఎదుట మన పిల్లలు మూడవదానికే గుర్తు పెట్టుదురు. పోనిండు, తెలుగును మానినందులకు రాష్ట్రభాషకైనను మూడు గుర్తులు పడినవా? లేదు! మార్కులు సులభముగా వచ్చునని సంస్కృతమో ఫ్రెంచో పట్టించితిమి. తమిళమో కన్నడమో వీధిలో బేరమాడుటకు మిగిలినది.

ఫలము చూడుడు. తమిళనాట 2021 డిసెంబరు ఉత్తర్వు మొదలు సర్కారు కొలువుల పోటీపరీక్షలలో తమిళమున నూటికి 40 రాకున్న మిగిలిన సమాధానములను దిద్దరు. ఒడిషా సర్వీస్ కమిషన్ ఒడియా చదువ, వ్రాయ, మాటలాడ వచ్చినవారినే కోరును. స్టేట్ బ్యాంకు గుమాస్తా కొలువునకు, 10 లేక 12వ తరగతిలో స్థానికభాష చదివినట్లు పత్రము లేనివారు భాషాపరీక్ష నెగ్గవలెను. ఇవి అన్యాయములని మేమనము. ఆ రాష్ట్రపు జనులకు సేవచేయువానికి వారి భాష రావలదా? కాని ఈ తలుపులు మూసినది తెలుగు కాదు.

తెలుగు తెరచు తలుపు మాట వినుడు. కేంద్ర సర్వీస్ కమిషన్ వారి సివిల్ సర్వీసుల మెయిన్ పరీక్షలో భారతీయ భాషాపత్రమునకు 300 మార్కులు. అందు నూటికి 25 వంతున రానిదే మిగిలిన పత్రములు లెక్కకు రావు. ఆ పత్రమునకు తెలుగును ఎన్నుకొనవచ్చును. మెయిన్ పరీక్షను తెలుగులో వ్రాసి, 275 మార్కుల ఇంటర్వ్యూకును తెలుగులోనే సమాధానము చెప్పవచ్చును. అందరును ఆ పరీక్షకు పోరు, నిజమే. పోదలచినవానికి లిపియైన రావలెను గదా!

ఇంటర్వ్యూకు సిద్ధపరచుట యన మెడకు టై కట్టి నాలుగు ఇంగ్లీషు వాక్యములు వల్లెవేయించుట యని మనవారి భ్రమ. దరఖాస్తులోని ప్రతి గడి నుండియు ప్రశ్న పుట్టును. గత వేసవిలో సంఘపు వసారాలో కొందరు పిల్లలను కూర్చుండబెట్టి ఇంటర్వ్యూ జరిపి చూచితిమి. ఒక అమ్మాయి దేశవిషయములన్నింటికి తడుముకొనక బదులు చెప్పినది. "మీవారు ఈ యూరికి ఏ పనిమీద వచ్చిరమ్మా?" అనగా తల్లివైపు చూచినది. తల్లి తాతగారివైపు చూచినది. ఇరువది యేండ్లు ఒకే ఇంట నున్న మువ్వురు!

నాటకపు తెరలకు, పూలదండలకు సంఘము వెచ్చించు సొమ్ములో సగము తీసి, ఆదివారములందు తెలుగు లిపి చెప్పువారిని ఒకరిని, రాష్ట్రభాష చెప్పువారిని ఒకరిని నియమింపుడని కోరుచున్నాము. కూడు ప్రశ్న వేయు పెద్దమనిషి వచ్చు సమావేశమునకు తమ మనుమని దరఖాస్తును వెంట తెత్తురు గాక. తెలిసిన భాషల గడిని అందరము కలిసి చూతము.