సాంద్రత లెక్కలో కార్మికుడేడీ?

సూరత్ సమీపాన జోల్వాలో మరమగ్గాల షెడ్లు, బట్టల మిల్లులు కలవు. సూరత్ మగ్గాలపై తెలంగాణా నేతన్నలు, ఒడిశా సోదరులు కలిసి పనిచేయుచున్నారు. పగటి షిఫ్టువాడు లేచిన చాపపైనే రాత్రి షిఫ్టువాడు నడుము వాల్చే గదులు మేము ఎరుగనివి కావు.

నివాస సాంద్రతకు హద్దులు విధించితిమని ప్రణాళికాకర్తలు చెప్పుదురు. దేనికి హద్దు? 2017 నాటి గుజరాత్ నిర్మాణ నిబంధనలు ప్రధానంగా కొలుచునది ఎఫ్.ఎస్.ఐ.ని, అనగా ఒక స్థలంపై కట్టదగిన అంతస్తుల మొత్తం వైశాల్యాన్ని. అది ఇటుకల లెక్క. గదిలో ఇద్దరున్నా ఇరవై మంది ఉన్నా దానికి ఒకటే! ఆ హద్దు బిగించితే అద్దె పెరుగును. 2006లో హైదరాబాదులో వలె ఎత్తివేసితే ఆకాశహర్మ్యాలు లేచునే గాని హమాలీకి గది దొరకదు.

మనిషికింత చోటని చట్టం ఎన్నడూ లెక్కించలేదా? 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం పనిశాలలో ఒక్కొక్క కార్మికునికి 14.2 ఘనపు మీటర్లు ఉండవలెనన్నది. మగ్గం నడుపువానికి కావలసిన గాలి నిద్రించువానికి అక్కరలేదా?

గుజరాత్ పట్టణ ప్రణాళికా చట్టం (1976) స్కీము భూమిలో సుమారు 10 శాతం వెనుకబడిన వర్గాల ఇండ్లకు కేటాయించుటకు వీలు కల్పించినది. జోల్వా పరిసరాలలో ఆ భూమి ఏ సర్వే నంబరులో ఉన్నదో అధికారులు చూపవలెనని మేము కోరుచున్నాము.