చిట్టెలుక వలసదారు కాదు

2021 డిసెంబరులో నేనొక అర్జీ మీద సంతకం చేశాను. శాన్ ఫ్రాన్సిస్కోకి ఎదురుగా సముద్రంలో ఉన్న ఫారలాన్ దీవుల మీద హెలికాప్టర్లతో ఎలుకల మందు చల్లబోతున్నారు, అడ్డుకోండి అని దాని సారాంశం. మా తెలుగు మిత్రుల గ్రూపులో ఎవరో పంపారు. ఓ చేత్తో గిన్నెలు డిష్‌వాషర్‌లో సర్దుతూ, ఇంకో చేత్తో ఫోన్ పట్టుకుని, అర నిమిషంలో పేరు కొట్టి పంపేశాను. పైసా ఖర్చు లేకుండా పుణ్యం వచ్చినట్టు అనిపించింది.

ఆ సంతకాన్ని వెనక్కి తీసుకోవడానికే ఈ వ్యాసం. నాతోపాటు సంతకం చేసిన వాళ్ళకి కోపం వస్తుందని తెలుసు. వాళ్ళలో ఒకాయన ఇప్పటికే నన్ను "హెలికాప్టర్ గారూ" అని పిలుస్తున్నాడు.

ముందు ఆ దీవి సంగతి చెప్పాలి, ఎందుకంటే సంతకం చేసేటప్పుడు నాకు దాని గురించి ఏమీ తెలీదు. ఇరవై ఏళ్ళుగా బే ఏరియాలో ఉంటున్నాను. ఆకాశం తేటగా ఉన్న రోజున పడమటి దిక్కున పళ్ళు ఊడిన దవడలా కనబడే ఆ రాళ్ళు శాన్ ఫ్రాన్సిస్కో నగర పరిధిలోకే వస్తాయని కూడా తెలీదు. గోల్డెన్ గేట్ నుంచి నలభై అయిదు కిలోమీటర్లు ఉంటుంది. మామూలు జనం దిగడానికి వీల్లేదు. తిమింగలాల్ని చూపించే పడవల వాళ్ళు మాత్రం చుట్టూ తిప్పి తీసుకొస్తారు. సంతకం చేసిన మరుసటి ఏడాది పిల్లల్ని తీసుకుని వెళ్ళాను. దారి పొడుగునా వాంతులు. దీవి కళ్ళకి ఆనక ముందే ముక్కుకి ఆనింది. పక్షుల రెట్ట, కుళ్ళిన చేప, ఉప్పు కలిసిన వాసన. తర్వాత చప్పుడు. మా చిన్నప్పుడు తిరణాలలో వచ్చేంత గోల. ఆ తర్వాతే మంచులోంచి కొండ బయటపడింది. చెట్టన్నది దాదాపు లేదు. ఎక్కడ చూసినా మర్ అనే పక్షులు, నలుపూ తెలుపూ కోటు తొడుక్కున్నట్టు నిలబడి, భుజాలు రాసుకుంటూ. గూడు కట్టదు, ఉత్త రాతి మీదే ఒక్క గుడ్డు పెడుతుంది.

ఆ గుడ్డు మీదే ఒకప్పుడు మనుషులు చంపుకున్నారంటే నమ్ముతారా? 1849లో బంగారం కోసం జనం విరగబడి వచ్చారు. శాన్ ఫ్రాన్సిస్కోలో కోళ్ళు లేవు. ఎవరో ఫారలాన్ వెళ్ళి పడవ నిండా మర్ గుడ్లు తెచ్చి డజను ఒక డాలరుకి అమ్మాడు. అంతే, ఒక కంపెనీయే పుట్టింది. వాళ్ళ పద్ధతి ఇది: సీజను మొదట్లో దీవికి వెళ్ళి అప్పటికి ఉన్న గుడ్లన్నీ పగలగొట్టేయడం. మర్నాడు పక్షులు పెట్టేవి తాజావని నమ్మకంగా అమ్ముకోవచ్చు గదా! సంచుల్లాంటి చొక్కాల్లో గుడ్లు నింపుకుని కొండ దిగేవాళ్ళట. ఏడాదికి అయిదు లక్షల గుడ్లు తీసిన సంవత్సరాలున్నాయి. 1863 జూన్‌లో రెండు ముఠాలు తుపాకులు పేల్చుకున్నాయి, ఇద్దరు పోయారు. 1881లో ప్రభుత్వం సైనికుల్ని పంపి కంపెనీని ఖాళీ చేయించింది. అంతకు ముందే రష్యావాళ్ళూ, న్యూ ఇంగ్లండ్ వాళ్ళూ వచ్చి ఫర్ సీళ్ళని తోళ్ళ కోసం ఊడ్చిపెట్టేశారు. లక్షల్లో ఉన్న మర్‌లు 1959 నాటికి ఆరేడు వేలకి దిగాయి.

అది చాలదన్నట్టు, 1946 నుంచి 1970 దాకా ఆ చుట్టుపక్కల సముద్రంలో అణు వ్యర్థాలు నింపిన పీపాలు దాదాపు 47,800 పడేశారు. అణుబాంబు పరీక్షల్లో దెబ్బతిన్న ఇండిపెండెన్స్ అనే యుద్ధనౌకని 1951లో అక్కడికి దగ్గర్లోనే ముంచారు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా అర్జీలో మొదటి వాక్యం "ప్రకృతిని దాని మానాన దాన్ని వదిలేయండి" అని. ఏ ప్రకృతిని? నూట డెబ్భై ఏళ్ళుగా మనిషి చెయ్యి పెట్టని మూల ఒక్కటి చూపించండి. అక్కడ ఇవాళ ఏదైనా బాగుపడిందంటే అది కూడా మనిషి చెయ్యి పెట్టడం వల్లే. 1909లో రూజ్‌వెల్ట్ కొన్ని దీవుల్ని పక్షుల కోసం కేటాయించాడు, 1969లో పెద్ద దీవిని కూడా కలిపారు. 1970ల మొదట్లో అక్కడ మిగిలిపోయిన పిల్లుల్నీ, కుందేళ్ళనీ తీసేశారు. తర్వాత ఏమైంది? మర్‌లు మళ్ళీ లక్షల్లోకి వచ్చాయి. 1996లో, నూరేళ్ళకి పైగా గడిచాక, ఆ రాళ్ళ మీద మొదటి ఫర్ సీల్ పిల్ల పుట్టింది. కుందేళ్ళని తీసేసినప్పుడు మా అర్జీలాంటిది నెగ్గి ఉంటే ఏమయ్యేదో!

మిగిలిపోయింది చిట్టెలుక. పత్తనాల్లో, వంటిళ్ళలో తిరిగే మామూలు చిట్టెలుకే. పందొమ్మిదో శతాబ్దంలో ఓడల్లో సరుకుతోపాటు దిగింది. ఆకురాలు కాలం వచ్చేసరికి ఎకరానికి అయిదు వందల దాకా ఉంటాయని లెక్క. ప్రపంచంలో ఏ దీవిలోనైనా ఇంత ఒత్తుగా ఉండటం అరుదు. గింజలు తింటాయి, ఆ దీవిలో తప్ప మరెక్కడా లేని ఒక రకం కీచురాయిని తింటాయి. కానీ అసలు కథ అది కాదు.

అసలు కథ యాషీ స్టార్మ్ పెట్రెల్ అనే పక్షిది. బూడిద రంగు, బరువు నలభై గ్రాములు, అంటే మన కోడిగుడ్డు కంటే తక్కువ. ఏడాదికి ఒక్కటే గుడ్డు. ముప్ఫై ఏళ్ళ దాకా బతుకుతుంది. బతుకంతా సముద్రం మీదే, గూటికి చీకటి పడ్డాకే వస్తుంది, పగలొస్తే గల్ పక్షులు తినేస్తాయని. ప్రపంచం మొత్తం మీద ఉన్నవి వేలల్లోనే, వాటిలో సగం దాకా ఈ రాళ్ళ సందుల్లోనే గూళ్ళు పెడతాయి. ఇప్పుడు చూడండి: శరదృతువులో వలస పోతూ పదో పరకో గుడ్లగూబలు దీవి మీద వాలతాయి. ఎలుకలే లేకపోతే ఒకటి రెండు రోజులు రెక్కలు ఆరబెట్టుకుని వెళ్ళిపోయేవే. కాళ్ళ కిందే విందు ఉంటే ఎందుకెళ్తాయి? ఆగిపోతాయి. చలికాలం వానలకి ఎలుకలు గుంపులు గుంపులుగా చచ్చిపోతాయి. ఆకలేసిన గుడ్లగూబ అప్పుడే గూళ్ళకి తిరిగొస్తున్న పెట్రెల్‌ని పడుతుంది. వసంతం వచ్చేసరికి గుడ్లగూబలు కూడా చాలావరకు నీరసించి చస్తాయి. ఎలుక ఎవరినీ కరవకుండానే ఇద్దరినీ చంపుతోందన్నమాట.

గుడ్లగూబల్ని పట్టుకుని ఒడ్డున వదిలేయమన్నారు మావాళ్ళు. వదిలేయొచ్చు. వచ్చే అక్టోబరులో ఇంకో పది వస్తాయి. ఎలుకలకి పిల్లలు పుట్టకుండా మందు పెట్టమన్నారు. ఆ మందు ప్రతి ఎలుకా మళ్ళీ మళ్ళీ తినాలి, సముద్రం కిందికి దిగే కొండచరియల్లో ఉన్న ఎలుక కూడా. ఒక్క జంట తప్పించుకుంటే చాలు, మొదటికొస్తాం.

ఇక విషం సంగతి. దీన్ని దాటవేస్తే నాది వాదన కాదు, దబాయింపు అవుతుంది. బ్రోడిఫాకమ్ మంచిది కాదు. రక్తం గడ్డకట్టకుండా చేసి, రోజుల తరబడి లోపలే కారేలా చేసి చంపుతుంది. తిన్న ఎలుకని తిన్నవాటికీ ప్రమాదమే. 2008లో అలాస్కాలో ర్యాట్ ఐలాండ్ అనే దీవి మీద చల్లినప్పుడు నాలుగు వందలకి పైగా పక్షుల శవాలు దొరికాయి, అందులో 46 బాల్డ్ ఈగిల్స్. కాలిఫోర్నియాయే ఇలాంటి మందుల్ని 2021 జనవరి నుంచి చాలావరకు నిషేధించింది, దీవుల్లాంటి కొన్ని మినహాయింపులతో. ఫారలాన్ పథకంలో టన్నున్నర గుళికలు, వాటన్నిటిలో కలిపి అసలు విషం ముప్ఫై మూడు గ్రాములు, ఒక బంగారు గొలుసు బరువు. తక్కువేనని చెప్పి తప్పించుకోను. గల్ పక్షులు చస్తాయి. లేజర్లతో, చప్పుళ్ళతో వాటిని తరుముతామంటున్నారు. తరిమినా కొన్ని చస్తాయి.

నాకు ఈ మందుల కుటుంబం కొత్త కాదు. మాది కృష్ణా డెల్టా. మా చిన్నతనంలో యానాదులు వచ్చి కుండలో గడ్డి కాల్చి కలుగుల్లోకి పొగ ఊది ఎలుకలు పట్టేవాళ్ళు, తోకల లెక్కన డబ్బులు. తర్వాత బ్రోమోడయలోన్ వచ్చింది. నాన్న నూకల్లో నూనె కలిపి, ఆ పొడి కలిపి, కాగితప్పొట్లాలు కట్టి కలుగుకొకటి పెట్టేవాడు. పొట్లాలు కట్టింది నేనూ, మా చెల్లీ. ఒకసారి చేలగట్టు తాడి కింద గుడ్లగూబ చచ్చిపడుంది, ముక్కు దగ్గర నెత్తురు. నాన్న దాన్ని కాలితో పక్కకి నెట్టి ఏమీ అనలేదు. మర్నాడు కూడా పొట్లాలు కట్టాం.

ఆ పొలంలో ఎలుకలు ఎప్పటికీ అయిపోవు. నూటికి ఎనభై చచ్చినా పక్క చేలోంచి వస్తాయి, అందుకే ఏటా మందు, ఏటా గుడ్లగూబ. దీవి చుట్టూ కిలోమీటర్ల కొద్దీ నీళ్ళున్నాయి. అక్కడ నూటికి నూరు చస్తే ఇంకోసారి మందు అక్కర్లేదు. మా వాళ్ళెవరూ మన రైతులు ఏటా పెట్టే మందు మీద అర్జీ పెట్టలేదు. కాస్ట్‌కోలో కొన్న బియ్యం ఎన్ని ఎలుకల మీదుగా వచ్చిందో అడగలేదు. దీవి అయితే మనకి ఖర్చు లేని దయ. అందుకే చేతికి అంత తేలిగ్గా వచ్చింది, నా చేతికి కూడా.

"వినాయకుడి వాహనం కదండీ" అన్నవాళ్ళకి నా దగ్గర జవాబు లేదు, వాళ్ళింట్లో గరాజులో బోను ఉందని గుర్తు చేయడం తప్ప.

నన్ను నిజంగా గుచ్చిన మాట ఇంకొకటుంది. ఒక మిత్రురాలు అంది: "బయటినుంచి వచ్చింది కాబట్టి చంపేయాలంటున్నావు. నువ్వూ నేనూ బయటినుంచి రాలేదా?" ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గ్రీన్ కార్డు కోసం పదకొండేళ్ళు ఎదురుచూసినవాణ్ణి. పన్ను ఫారాల మీద "ఏలియన్" అన్న మాట ఎదురుగా మన పేరు రాసుకున్నవాళ్ళం. చొరబాటు జాతులు, స్థానిక జాతులు అంటూ మాట్లాడే సైన్సు భాష వింటే ఒళ్ళు జలదరిస్తుంది, ఎందుకంటే అదే భాష మనుషుల మీద వాడేవాళ్ళ కింద మనం బతుకుతున్నాం.

కానీ ఆలోచించిన కొద్దీ ఆ పోలిక మీదే నాకు కోపం వచ్చింది. మనుషుల్ని ఎలుకలతో పోల్చడం వలసల్ని ద్వేషించేవాళ్ళ పని. జాలితో పోల్చినా పోలిక అదే. ఎలుక ఎక్కడినుంచో వచ్చిందని కాదు దాని మీద ఫిర్యాదు. అది ఉన్నంతకాలం పెట్రెల్‌కి వేరే చోటు లేదు. పెట్రెల్ తన బతుకంతా సముద్రం మీద తిరుగుతుంది, దానికే దేశమూ లేదు. గుడ్లగూబ వలస వచ్చేదే. ఆ దీవి మీద ప్రాణంతో ఉన్నవాటిలో వలస రానిది దాదాపు ఏదీ లేదు. మనం తెచ్చిపెట్టిన తప్పుని సరిదిద్దమంటే, దానికి మన బాధని అడ్డం పెట్టుకోవడం నాకు నచ్చలేదు. ఆమెకి అదే చెప్పాను. ఆమె ఇంకా ఒప్పుకోలేదు.

నా పక్షానికి గట్టి దెబ్బ వేరే చోట ఉంది. దక్షిణ అట్లాంటిక్‌లో గాఫ్ దీవి మీద చిట్టెలుకలు ఆల్బట్రాస్ పిల్లల్ని బతికుండగానే కొరుక్కుతినేవి. 2021లో అంత ఖర్చుపెట్టి మందు చల్లారు, ఆ డిసెంబరులోనే ఒక ఎలుక కనబడింది. మిడ్‌వేలో 2023లోనూ అంతే అయింది. ఎలుకలకంటే చిట్టెలుకల్ని పూర్తిగా తీయడం కష్టం. మా వృత్తిలో తొంభై తొమ్మిది శాతం పనిచేసే ప్రోగ్రామ్‌ని క్లయింటుకి ఇచ్చేసి, మిగిలింది తర్వాతి విడుదలలో చూద్దామంటాం. ఇక్కడ తొంభై తొమ్మిదికి విలువ సున్నా, పైగా గల్స్ ఊరికే చచ్చినట్టు. కాబట్టి అరకొరగా చేసేట్టయితే అసలు చేయొద్దు. నేనీ మాట చాలా గట్టిగా అంటున్నాను.

కానీ కుదిరిన చోట్లున్నాయి. ఇదే కాలిఫోర్నియాలో అనకాపా దీవి మీద 2001, 2002ల్లో ఇదే మందుతో నల్ల ఎలుకల్ని తీసేశారు. అప్పుడూ కోర్టుకెళ్ళారు, అప్పుడూ ప్రళయం అన్నారు. అక్కడి స్థానిక ఎలుకల్ని ముందే పట్టి దాచి, మందు పోయాక మళ్ళీ వదిలారు. మర్రెలెట్ అనే సముద్రపక్షి మళ్ళీ గూళ్ళు పెట్టింది, యాషీ పెట్రెల్ కూడా అక్కడికి వచ్చింది.

ఫారలాన్ కాగితాలు 2011లో మొదలయ్యాయి. ముసాయిదా 2013లో, తుది నివేదిక 2019లో. 2021 డిసెంబరు 16న తీరప్రాంత కమిషన్ 5-3 ఓట్లతో షరతుల మీద ఒప్పుకుంది. ఆ పదేళ్ళలో ప్రతి శరత్తులోనూ గుడ్లగూబలు దిగాయి. ఆ పదేళ్ళని ఎవరూ ఖర్చుగా రాయలేదు. ఏమీ చేయకపోవడానికి పర్యావరణ నివేదిక అక్కర్లేదు గదా.

పడవ తిరిగొస్తుంటే మా చిన్నది పెట్రెల్ ఏదీ అని అడిగింది. పగలు కనబడదమ్మా, రాత్రే వస్తుందని చెప్పాను. "మరి ఉందని నీకెలా తెలుసు?" అంది. ఇంటికొచ్చాక ఆ అర్జీ పెట్టినవాళ్ళకి నా పేరు తీసేయమని ఉత్తరం రాశాను. పేరు తీసే ఏర్పాటు లేదని జవాబొచ్చింది.