కార్శి తోట

ఒకసారి పరీక్ష తప్పిన విద్యార్థిని లోకం ఓదారుస్తుంది. పలుమార్లు తప్పినవానిని లెక్క అడుగుతుంది. విదేశాలలో వైద్యవిద్య ముగించి నిజామాబాద్ పట్టణానికో, బోధన్ పరిసర గ్రామాలకో తిరిగివచ్చిన యువతీయువకులకు ఈ లెక్క అడిగేవారు అడుగడుగునా ఎదురవుతారు. స్వదేశంలో వైద్యవృత్తి చేపట్టాలంటే వారు 2002లో ప్రారంభమైన విదేశీ వైద్య పట్టభద్రుల పరీక్షలో ఉత్తీర్ణులు కావాలి. 300 ప్రశ్నలకు 150 మార్కులు తెచ్చుకొంటే చాలు. తప్పు సమాధానానికి మార్కుల కోత లేదు. వినడానికి సులభంగా తోచినా, వ్రాసినవారిలో అధికసంఖ్యాకులు తప్పుతూనే ఉన్నారు.

వారి వెనుక ఒక కుటుంబం ఆశ ఉంటుంది. నిజాంసాగర్ నీటితో చెరకు పండించి, బోధన్ శక్కర్‌నగర్ కర్మాగారాన్ని నమ్ముకొని బ్రదికిన సీమ ఇది. 2015 డిసెంబరులో ఆ కర్మాగారం మూతపడింది. భూమి మీద భరోసా సన్నగిల్లినచోట పిల్లల చదువే ఆస్తి అవుతుంది. అందువల్ల ఒక విద్యార్థి వైఫల్యం ఇంటిల్లిపాదికీ భారమవుతుంది.

అయితే మరల వ్రాయడమంటే మొదటి పుట నుంచి మరల చదవడం కాదు. ఈ సత్యం చెరకు రైతుకు బాగా తెలుసు. మొదటి పంట కొట్టిన తరువాత అవే మోళ్ళ నుంచి వచ్చే పిలకలతో పెంచేది కార్శి తోట. మోళ్ళను నేలమట్టానికి చెక్కి, ఖాళీలను కొత్త మొలకలతో నింపి, సకాలంలో ఎరువు వేసినవానికే అది ఫలిస్తుంది. మోడు ఉన్నది కదా అని ఊరకున్నవానికి దిగుబడి తగ్గుతుంది.

పరీక్ష తప్పిన విద్యార్థి కూడా ముందుగా తన ఖాళీలను గుర్తించాలి. ఆ 300 ప్రశ్నలలో 200 వైద్యం, శస్త్రచికిత్స, ప్రసూతి, సామాజిక వైద్యం వంటి విభాగాలవి. ప్రతి ప్రయత్నంలోనూ శరీర నిర్మాణశాస్త్రంతో ఆరంభించి, అక్కడికి చేరకముందే అలసిపోయేవాడు పాత పరాజయాన్నే పునశ్చరణ చేస్తున్నాడు. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే మనోవిజ్ఞాన పరిశోధకులు ఒక పరిశీలన జరిపారు. ఒక పాఠాన్ని నాలుగుమార్లు చదివినవారికి వారం తరువాత 40 శాతం గుర్తున్నది. ఒక్కమారు చదివి, పుస్తకం మూసి, మూడుమార్లు జ్ఞాపకం చేసుకొన్నవారికి 61 శాతం గుర్తున్నది. చదివిన గంటలు లెక్కించుకోవడం కంటె, చూడకుండా చెప్పగలిగినదాన్ని లెక్కించుకోవడం మేలు. నీట్ కోసం లాంగ్‌టర్మ్ శిక్షణలో చేరే ఇంటర్మీడియెట్ విద్యార్థికీ ఇది వర్తిస్తుంది.

పరీక్షే అన్యాయమని నిందించేవారూ ఉన్నారు. ఆ నింద సరికాదు. ఖలీల్‌వాడిలో ఆసుపత్రి మెట్లెక్కే పల్లెటూరి రోగి వైద్యుని పట్టాను పరీక్షించలేడు. అతని పక్షాన ఎవరో ఒకరు పరీక్షించాలి. ఈ పరీక్షలో ఉత్తీర్ణులు కాకుండానే నమోదు పొందారన్న ఆరోపణపై 2022 డిసెంబరులో సి.బి.ఐ. 73 మందిపై కేసు నమోదు చేసింది. అడ్డదారి తొక్కడం కంటె పదిమార్లు తప్పడం గౌరవప్రదం.

పట్టుదలకూ హద్దు ఉండాలి. ఎన్ని ప్రయత్నాలు, ఎంతకాలం, ఎంత వ్యయం అన్నది విద్యార్థీ తల్లిదండ్రులూ ముందే కూర్చొని నిర్ణయించుకోవాలి. ఆరోగ్యరంగంలోనే పరిశోధన, ఆసుపత్రుల నిర్వహణ, ప్రజారోగ్యం వంటి ఇతర మార్గాలున్నాయి. ఆలోచించి దారి మార్చుకోవడం ఓటమి కాదు.

భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషన్‌లో రెండుమార్లు తప్పి మూడవమారు ఉత్తీర్ణుడైనాడు. ఆ తరువాత లోకానికి ఎన్నో ఔషధాలను అందించిన పరిశోధకుడైనాడు. ఆ రెండు వైఫల్యాలతోనే అతని శక్తికి వెల కట్టి ఉంటే నష్టపోయేది లోకమే. కనుక ఇరుగుపొరుగువారు “ఎన్నోసారి?” అని అడగడం మాని, “ఈసారి ఏమి మార్చుకొన్నావు?” అని అడగడం నేర్చుకోవాలి. ఆ ప్రశ్నకు సమాధానమున్న విద్యార్థికి తదుపరి ప్రయత్నం కొత్త పంట అవుతుంది.