ఎవరితో మాట్లాడాలో తేలాక

సింగరేణి కాలరీస్ 1992లో ఖాయిలా పరిశ్రమగా, అలాంటి కంపెనీల కేసులు చూసే బీఐఎఫ్ఆర్ గడప తొక్కింది. 1996లో మళ్లీ తొక్కింది. ఆ రోజులు చూసిన కోల్‌బెల్ట్ జనానికి కారణాలు కొత్తగా చెప్పనక్కర్లేదు. లెక్కకు మించిన సంఘాలు, సంఘానికో చీలిక. ఏడాదికి వందల సమ్మెలు. ఒక సంఘంతో యాజమాన్యం ఒప్పందం చేసుకుంటే, పక్క సంఘం దాన్ని ఒప్పుకునేది కాదు. సంఘాలు ఎక్కువై కంపెనీ మునిగిందని ఇప్పటికీ కొందరు అంటారు. నేను ఒప్పుకోను. కార్మికుల తరఫున మాట్లాడే హక్కు ఎవరిదో తేల్చే పద్ధతే అప్పుడు లేదు. ఆ హక్కు తమదేనని నిరూపించుకోవడానికి ప్రతి సంఘానికీ సమ్మె ఒక్కటే దారి అయింది.

1998లో రహస్య బ్యాలెట్‌తో గుర్తింపు సంఘం ఎన్నికలు పెట్టారు. కేంద్ర కార్మిక శాఖ అధికారులు దగ్గరుండి జరిపించారు. ఏఐటీయూసీ గెలిచింది. కంపెనీ మొత్తానికి ఒక గుర్తింపు సంఘం, ఏరియాల్లో ప్రాతినిధ్య సంఘాలు. బలం చూపించుకోవడానికి ఓటు ఉన్నప్పుడు గని ఆపే అవసరం తగ్గుతుంది. సమ్మెలు తగ్గాయి, కంపెనీ లాభాల బాట పట్టింది. కేంద్రం ఇచ్చిన రుణ ఊరట, ఓపెన్‌కాస్టుల విస్తరణ కూడా అందుకు తోడ్పడ్డాయి, ఆ మాట దాచకూడదు. కానీ రోజూ ఆగే గనిని ఏ ఊరటా బతికించలేదు.

లాభాల్లో కార్మికుల వాటా 1999-2000లో 10 శాతంతో మొదలైంది. 2023-24కి అది 33 శాతం. ఆ ఏడాది నికర లాభం 4,701 కోట్లు. విస్తరణకు 2,289 కోట్లు పక్కన పెట్టి, మిగిలినదానిలో 33 శాతంగా 796 కోట్లు పంచారు. మొత్తం లాభం మీద ఎందుకు లెక్కగట్టలేదని సంఘాలు నిలదీశాయి. నిలదీయాలి కూడా. తాను ఎన్నుకున్నవారు బ్యాలెన్స్‌షీట్ చదివి తగువు పడుతుంటే, కార్మికుడికి కంపెనీ లెక్క తన లెక్క అవుతుంది.

కార్మికుల ప్రతినిధులను నేరుగా బోర్డులోనే కూర్చోబెడితే ఏమవుతుందో జర్మనీ అనుభవం ఇంకా స్పష్టంగా చెబుతుంది. అక్కడ 1976 చట్టం ప్రకారం, 2,000 మందికి మించి ఉద్యోగులున్న కంపెనీల పర్యవేక్షక బోర్డులో సగం సీట్లు ఉద్యోగులవి. చిన్న జాయింట్ స్టాక్ కంపెనీల్లో మూడో వంతు ఉండేవి. 1994 ఆగస్టు 10 తర్వాత ఏర్పడిన చిన్న కంపెనీలకు ఆ నిబంధన ఎత్తేశారు. ఆ తేదీకి అటూ ఇటూ పుట్టిన కంపెనీలను జేగర్, షోఫర్, హైనింగ్ అనే అర్థశాస్త్రవేత్తలు పోల్చి చూశారు. 2021లో అచ్చైన వారి అధ్యయనంలో, బోర్డులో కార్మికులున్న కంపెనీలే యంత్రాల మీద, భవనాల మీద ఎక్కువ పెట్టుబడి పెట్టాయని తేలింది. జీతాలు చెప్పుకోదగ్గంత పెరగలేదు. కార్మికులు కూర్చుంటే ఖజానా ఖాళీ చేస్తారనే భయానికి ఆధారం దొరకలేదు. యజమాని వాటా అమ్ముకుని వెళ్లిపోగలడు. ముప్పై ఏళ్లు అదే గేటులోంచి వెళ్లాల్సినవాడికే కొత్త యంత్రం మీద ఆశ ఎక్కువ.

యాజమాన్యంలో కార్మికుల భాగస్వామ్యం గురించి మన రాజ్యాంగంలోనూ 43ఎ అధికరణ ఉంది, 42వ సవరణతో వచ్చింది. ప్రభుత్వ రంగ బ్యాంకుల బోర్డుల్లో ఒక కార్మిక డైరెక్టరు, ఒక ఆఫీసర్ డైరెక్టరు ఉండాలని చట్టమూ ఉంది. 2014 తర్వాత ఆ కుర్చీలు ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్నాయి. బకాయిల భారంతో బ్యాంకులు కుంగిన కాలం కూడా అదే. కుర్చీ నిండి ఉంటే అప్పులన్నీ వసూలయ్యేవని అనను. బ్రాంచి స్థాయి నిజం తెలిసిన మనిషి ఒక్కరైనా ఆ బల్ల దగ్గర ఉండేవారు.

సింగరేణిలోనూ పని సగమే అయింది. 2023 డిసెంబరు ఎన్నికల్లో ఓటర్లు దాదాపు 40 వేల మంది, అందరూ పర్మినెంట్ కార్మికులే. ఓపెన్‌కాస్టుల్లో మట్టి తీసే పనిలో కాంట్రాక్టు కార్మికులు వేలల్లో ఉన్నారు, వారికి ఓటు లేదు. వారు కాంట్రాక్టర్ మనుషులని కంపెనీ చట్టం చూపిస్తుంది. సరే, ప్రమాదం చట్టం చూసి రాదు కదా. గనుల్లో సేఫ్టీ కమిటీలు ఎలాగూ ఉన్నాయి. వాటిలో కాంట్రాక్టు కార్మికులు తామే ఎన్నుకున్న ప్రతినిధులకు చోటివ్వడానికి ఢిల్లీ అనుమతి కోసం చూడనవసరం లేదు. కొత్తగూడెం హెడ్డాఫీసు తలచుకుంటే ఈ ఏడాదే చేయవచ్చు.