మనం కూడా చివరి అవ్వ పోయేదాకా ఆగుదామా?

పోస్ట్ కొంచెం పెద్దదైంది, ఓపిక చేసుకుని చదవండి. చదివాక తిట్టినా పర్వాలేదు గానీ, చదవకుండా లైక్ కొట్టి పోకండి.

పోయిన వారం మన గ్రూప్‌లో ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న గుర్తుంది కదా. "రోజూ మన భాష, మన చరిత్ర అని రాస్తున్నరు. దాంతో గ్రూప్స్‌లో ఒక్క మార్కన్నా వస్తదా అన్నా?" కొందరు నవ్వారు, కొందరు కోప్పడ్డారు. మాకైతే అది నవ్వే ప్రశ్నా కాదు, కోప్పడే ప్రశ్నా కాదు అనిపించింది. హాస్టల్లో అర్ధరాత్రి దాకా పుస్తకాలు పట్టుకుని కూర్చునే మనందరి మనసులో ఉన్నదే అతను బయటికి అన్నాడు. దానికి జవాబు మన దగ్గర నుంచి కాకుండా చాలా దూరంలో ఉన్న ఒక చోటు నుంచి చెప్పాలనుకుంటున్నాం. ఆ చోటు పేరు కార్న్‌వాల్. అక్కడ భాష పోయింది, మళ్ళీ వచ్చింది. గనులు తెరుచుకున్నాయి, మూతపడ్డాయి. ప్రభుత్వం గుర్తింపు కూడా దొరికింది. మనం ఇప్పుడు నడుస్తున్న దారిలో వాళ్ళు చాలా ముందు దాకా పోయి ఉన్నారు. ముందు ఏముందో వాళ్ళని చూస్తే కొంత తెలుస్తుంది.

ఇంగ్లండ్ మ్యాప్‌లో కింద ఎడమ మూలకి సముద్రంలోకి పొడుచుకుపోయిన ముక్క ఉంటుంది, అదే కార్న్‌వాల్. మూడు వైపులా సముద్రం, నాలుగో వైపు టేమార్ అనే నది. వాళ్ళ భాషలో ఆ నేల పేరు కెర్నో. 2021 లెక్కల ప్రకారం జనం 5.7 లక్షలు, అంటే మన కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లా కంటే కొంచెమే ఎక్కువ. వాళ్ళ కార్నిష్ భాష ఇంగ్లిష్‌కి యాస కాదు. వేల్స్‌లో మాట్లాడే వెల్ష్‌కి, ఫ్రాన్స్‌లోని బ్రెటన్‌కి అది చుట్టం. మన భాషని "అదొక యాస" అని ఎవరన్నా తీసిపారేసినప్పుడు మనకెలా ఉంటుందో, వాళ్ళకీ అలాగే ఉండేది.

ఆ భాష తనంతట తాను పోలేదు. 1497లో స్కాట్లండ్ మీద యుద్ధం కోసమని లండన్ రాజు పన్నులు వేశాడు. ఎక్కడో ఉత్తరాన జరిగే యుద్ధానికి మేమెందుకు కట్టాలి అని కార్నిష్ జనం తిరగబడ్డారు. ముందు నడిచింది సెయింట్ కెవర్న్ ఊరి కమ్మరి మైకేల్ జోసెఫ్. జనం ఆయన్ని 'అన్ గోఫ్' అనేవారు, అంటే కమ్మరి అని అర్థం. బాడ్మిన్ ఊరి లాయర్ థామస్ ఫ్లామాంక్ తోడు నిలిచాడు. నడుచుకుంటూ లండన్ అంచు దాకా పోయారు. జూన్ 17న బ్లాక్‌హీత్ దగ్గర ఓడిపోయారు, పది రోజులకి ఇద్దరినీ చంపేశారు. తర్వాత 1549లో చర్చిలో ప్రార్థనలన్నీ ఇంగ్లిష్‌లోనే జరగాలని హుకుం వచ్చింది. మాలో కొందరికి ఇంగ్లిష్ అర్థమే కాదు అని తిరుగుబాటు చేసినవాళ్ళు రాసి మరీ చెప్పారు. జవాబుగా సైన్యం వచ్చింది. వేల మంది చచ్చిపోయారు. కార్నిష్‌లో నాటకాలు రాసిన చోటుగా చెప్పుకునే పెన్రిన్‌లోని గ్లాస్నీ మఠం అప్పటికే, 1548లో, మూతపడింది. దేవుడి ముందు పలకకూడని భాష బజారులో ఎన్నాళ్ళు నిలుస్తుంది? బడిలో మన మాట మాట్లాడితే గోడ వైపు తిరిగి నిలబడ్డ వాళ్ళం మనలో చాలామందే ఉన్నాం, కాబట్టి ఇది మనకి విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇక డాలీ పెంట్రీత్ కథ. మౌజల్ అనే సముద్రపు ఊళ్ళో చేపలమ్ముకునే ముసలమ్మ. 1768లో డేన్స్ బారింగ్టన్ అనే పెద్దమనిషి, కార్నిష్ వచ్చినవాళ్ళు ఇంకెవరైనా మిగిలారా అని వెతుక్కుంటూ వచ్చి ఆమెని కలిశాడు. 1777లో ఆమె చనిపోయింది. లోకం ఆమెని "చివరి కార్నిష్ మనిషి" అని గుర్తుపెట్టుకుంది, 1860లో సమాధి రాయి కూడా నిలబెట్టారు. అయితే ఆమె చనిపోవడానికి ఏడాది ముందే, 1776లో, అదే ఊరి జాలరి విలియం బోడినార్ బారింగ్టన్‌కి ఒక ఉత్తరం రాశాడు. చిన్నప్పుడు ముసలోళ్ళతో పడవ మీద పోతూ ఈ భాష నేర్చుకున్నానని, ఊళ్ళో ఇంకా నలుగురైదుగురికి వచ్చని, పిల్లలకి మాత్రం రాదని. ఆ ఉత్తరం కార్నిష్‌లోనూ ఇంగ్లిష్‌లోనూ రాశాడు. అంటే డాలీ అవ్వ చివరి మనిషి కాదు. బయటోడు వచ్చి అడిగి రాసుకున్న మనిషి, అంతే. ఆ నలుగురైదుగురి మాటలు, పాటలు, తిట్లు, సామెతలు రాసిపెట్టాలని ఊరి పిల్లల్లో ఎవరికీ అనిపించలేదు. మాకు ఈ కథలో బాధ అనిపించింది ఈ చోటే.

మరి తర్వాత ఎలా బతికింది? ఏరుకుంటే బతికింది. కార్న్‌వాల్‌లోనే పుట్టిన హెన్రీ జెన్నర్ 1870లలో జాలరి ఊళ్ళు తిరిగి, ముసలోళ్ళకి గుర్తున్న అంకెలు, అక్కడక్కడా మిగిలిన మాటలు రాసుకున్నాడు. 1904లో కార్నిష్ నేర్చుకోవడానికి ఒక పుస్తకం వేశాడు. 1920లో సెయింట్ ఐవ్స్ ఊళ్ళో రాబర్ట్ మార్టన్ నాన్స్ లాంటివాళ్ళు 'ఓల్డ్ కార్న్‌వాల్ సొసైటీ' పెట్టారు. మిగిలిన ముక్కల్ని ఏరుదాం, ఏదీ పోనివ్వొద్దు, ఇదే వాళ్ళ మాట. చూసి ఊరూరా అలాంటివి పెట్టుకున్నారు. పొలాల పేర్లు, గనిలో వాడే మాటలు, జాతరలు, పాత రాళ్ళు, ఇల్లిల్లూ తిరిగి రాసుకున్నారు. ప్రభుత్వం పైసా ఇచ్చిందని కాదు, ఎవరో ప్రాజెక్ట్ ఇచ్చారని కాదు. టీచర్లు, ఫాదర్లు, కూలీనాలీ చేసుకునేవాళ్ళు, సెలవు రోజుల్లో చేసిన పని.

దాని పంట చాలా ఆలస్యంగా వచ్చింది. 2002లో బ్రిటన్ ప్రభుత్వం కార్నిష్‌ని మైనారిటీ భాషగా గుర్తించింది. 2009లో యునెస్కో ఆ భాష అంతరించిందని రాస్తే, మాట్లాడేవాళ్ళమే "మేం ఇక్కడే ఉన్నాం" అని అడ్డం తిరిగారు. మరుసటి ఏడాది యునెస్కో మాట మార్చుకోవాల్సి వచ్చింది. 2014లో కార్నిష్ ప్రజలని జాతీయ మైనారిటీగా గుర్తించారు. అంతలోనే 2016లో భాషకి ఇచ్చే నిధులు ఆపేశారు, అది వేరే సంగతి. గుర్తింపు కాగితం వచ్చాక పని అయిపోయిందనుకునేవాళ్ళు ఈ రెండేళ్ళ తేడా గుర్తుపెట్టుకోవాలి.

ఇంకొకటి. ఏ స్పెల్లింగ్‌లో రాయాలని వాళ్ళలో వాళ్ళు ఏళ్ళ తరబడి కొట్టుకున్నారు, మూడు నాలుగు పద్ధతులు, ఒకరి పుస్తకం ఒకరు ముట్టరు. చివరికి 2008లో అందరికీ పనికొచ్చే ఒక రాత పద్ధతి మీద ఒప్పందం చేసుకున్నారు. గోండి ఏ లిపిలో రాయాలి, గుంజాల లిపా, మసారాం లిపా, తెలుగా, దేవనాగరా అని మనం పెట్టుకునే పంచాయతీ గుర్తొచ్చి మాకు నవ్వొచ్చింది, సిగ్గూ వచ్చింది.

లెక్కల సంగతి కూడా చూడండి. 2011లో ఇంగ్లండ్, వేల్స్ జనాభా లెక్కల్లో కార్నిష్ మా ముఖ్య భాష అని రాసుకున్నది 557 మంది. ఆ 557ని అచ్చులో చూపించారు. మన దేశ లెక్కల్లో పది వేల కంటే తక్కువ మంది మాట్లాడే భాషని పేరుతో విడిగా చూపించరు. దాదాపు 30 లక్షల మంది మాట్లాడే గోండికే ఎనిమిదో షెడ్యూల్లో ఇంకా చోటు లేదు. కాబట్టి మన పేరు ఎవరో రాస్తారని కూర్చోవడం మనకి అసలే కుదరదు.

కార్నిష్ జనం నుంచి మనం వెంటనే నేర్చుకోగలిగింది ఊరి పేర్లు. భాష నోట్లోంచి పోయినా నేల మీద నిలిచింది. 'ట్రె' అంటే ఊరు, 'పోల్' అంటే మడుగు, 'పెన్' అంటే తల, 'పోర్త్' అంటే రేవు. పెన్జాన్స్ అంటే పవిత్రమైన కొమ్ము. రెడ్రూత్ అంటే ఎర్ర రేవు, అంటే వాగు దాటే చోటు. ఇంగ్లిష్ వాళ్ళకి 'రెడ్' అనే మాట కనిపిస్తుంది గానీ, ఎరుపు ఉన్నది చివర ఉన్న 'రూత్'లో. ఈ పేర్ల ముడి విప్పి, వీధి బోర్డుల మీద రెండు భాషల్లో రాయించుకుంటున్నారు. మరి మన వాగులకి, గుట్టలకి, చెలకలకి అవ్వలు పిలిచే పేర్లు రెవెన్యూ పట్టాలో ఉన్నాయా? అక్కడ ఉన్నది సర్వే నంబర్ ఒక్కటే.

ఇప్పుడు ఆ తమ్ముడి ప్రశ్నకి వద్దాం. చరిత్ర కూడు పెడుతుందా? అతను సగం కరెక్టే అని ఒప్పుకోవాలి.

కార్న్‌వాల్ అంటే తగరం, రాగి. వందల ఏళ్ళు భూమి లోపలే బతికారు. ఆడవాళ్ళు, పిల్లలు పైన ఉండి సుత్తెలతో రాళ్ళు పగలగొట్టేవారు. 1919లో లెవాంట్ గనిలో మనుషుల్ని దించి ఎక్కించే యంత్రం విరిగి 31 మంది పోయారు. ధరలు పడినప్పుడల్లా జనం ఊళ్ళు విడిచారు. ఒక శతాబ్దంలో రెండు లక్షలకు పైగా సముద్రాలు దాటి మెక్సికో, ఆస్ట్రేలియా, అమెరికా, దక్షిణాఫ్రికా పోయారు. చివరికి 1998లో సౌత్ క్రాఫ్టీ అనే తగరం గని కూడా మూతపడింది. 2006లో ఆ గనుల నేలంతా యునెస్కో ప్రపంచ వారసత్వం అయింది. పొగగొట్టాలకి వారసత్వ గుర్తింపు వచ్చింది గానీ గని కార్మికుడి కొడుక్కి పని రాలేదు.

ఇక్కడ ఇంకో నిజం కూడా చెప్పాలి, లేకపోతే వాళ్ళని దేవుళ్ళని చేసినట్టవుతుంది. అలా వలసపోయిన వాళ్ళలో కొందరు మన దాకా వచ్చారు. కోలార్ బంగారు గనులు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ అక్కడ దిగింది, కార్న్‌వాల్ నుంచి గని పనోళ్ళని తెచ్చి పై కొలువులు ఇచ్చింది. లోపలికి దిగింది చిత్తూరు, ఉత్తర ఆర్కాటు వైపు నుంచి వచ్చిన తెలుగు, తమిళ కూలీలు, ఎక్కువమంది దళితులు. ఒక పక్క దొరల బంగళాలు, క్లబ్బు. ఇంకో పక్క తడికెల కూలీ లైన్లు. తన ఊళ్ళో లండన్ చేతిలో నలిగినవాడే ఇక్కడ దొర అయ్యాడు. కాబట్టి వాళ్ళ కథా మన కథా ఒకటే అని మేం అనం. వాళ్ళు తెల్లవాళ్ళు, సామ్రాజ్యంలో వాటా ఉన్నవాళ్ళు. అణచివేత అనుభవించినంత మాత్రాన మంచోళ్ళు అయిపోరు, మనమూ అంతే. రేపు ఉద్యోగం వచ్చాక మనకన్నా వెనకబడ్డ తెగవాళ్ళ పిల్లలతో మనం ఎలా ఉంటామో ఇప్పుడే ఆలోచించుకోవాలి.

ఇవాళ కార్న్‌వాల్‌కి ఉన్న అసలు బాధ ఇల్లు. అందమైన సముద్రం, పాత ఊళ్ళు, కథలు చూసి డబ్బున్నోళ్ళు సెలవుల కోసం ఇళ్ళు కొనుక్కున్నారు. ధరలు పెరిగి ఊరి పిల్లలకి అద్దె కూడా అందని పరిస్థితి. 2016లో సెయింట్ ఐవ్స్ జనం ఓటు వేసి, ఇకపై కట్టే కొత్త ఇళ్ళు అక్కడే కాపురం ఉండేవాళ్ళకే అని తేల్చారు, 80 శాతానికి పైగా ఒప్పుకున్నారు. అదే ఏడాది టిన్టాజెల్ కోట దగ్గర రాయి మీద మెర్లిన్ మాంత్రికుడి ముఖం చెక్కిస్తే, మా చరిత్రని టూరిస్టుల బొమ్మలాట చేస్తున్నారని అక్కడి చరిత్ర సంఘాలు మండిపడ్డాయి. అక్కడ తవ్వితే మధ్యధరా సముద్రం నుంచి వచ్చిన 1,400 ఏళ్ళ కిందటి కుండ పెంకులు దొరికాయి. అంత నిజమైన చరిత్ర ఉండగా అమ్ముడుపోయేది మాత్రం మాంత్రికుడే.

మనకి 1/70 ఉంది. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1970లో వచ్చిన సవరణ. ఎన్ని కంతలున్నా అది ఉంది. అలాంటి చట్టం లేని చోట వారసత్వం ఏమవుతుందో తెలియాలంటే కార్న్‌వాల్‌ని చూడాలి. జెండా ఊరిదే, ఇల్లు బయటోడిది. పండగ రోజు డాన్స్ చేయించి ఫొటో దిగి పోయేవాళ్ళని మనమూ చూస్తున్నాం కదా.

కాబట్టి తమ్ముడూ, మా జవాబు ఇది. మార్కులు రావు. నువ్వు చదువు, ఉద్యోగం కొట్టు, మేమూ అదే పనిలో ఉన్నాం. కానీ భాష ఒకవైపు, భూమి ఒకవైపు పెట్టి ఏది కావాలో తేల్చుకోమంటే మాత్రం మేం ఒప్పుకోం. ఈ గుట్ట పేరు ఏంటో, ఎవరి పూర్వీకులు ఎక్కడ దేవర పెట్టారో చెప్పగలిగిన ఊరికే, ఈ నేల మాది అని గట్టిగా చెప్పే నోరు ఉంటుంది.

మా తప్పు కూడా ఒప్పుకుంటాం. మాకు తెలిసిన ఊళ్ళో కిక్రి వాయించే ఒక పర్ధాన్ తాత ఉండేవాడు. రెండేళ్ళుగా "పరీక్షలు అయ్యాక పోయి రికార్డ్ చేద్దాం" అనుకున్నాం. పోయిన ఎండాకాలం తాత పోయాడు. కిక్రి ఇంట్లోనే వేలాడుతోంది, ఆ పాట ఇక ఎవరికీ రాదు. మౌజల్ ఊరి పిల్లల్ని ఏమనడానికి మాకు నోరు లేదు.

ఈ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు ఒక్క పని చేద్దాం. అవ్వ దగ్గరో తాత దగ్గరో కూర్చుని మీ ఊరి వాగులు, గుట్టలు, చెలకల పేర్లు పది అడగండి. ఆ పేరు ఎందుకొచ్చిందో వాళ్ళ గొంతులోనే ఫోన్‌లో రికార్డ్ చేయండి. ఏ లిపిలో రాస్తారో మీ ఇష్టం, పంచాయతీ తర్వాత పెట్టుకుందాం. వాళ్ళు ఒప్పుకుంటేనే గ్రూప్‌లో పెట్టండి, ఒప్పుకోకపోతే ఇంట్లోనే దాచండి. తప్పులుంటే కింద కామెంట్‌లో చెప్పండి, దిద్దుకుంటాం.

జై సేవా. జై ఆదివాసీ.