గురుగులు పెరికే ముందు

గోధుమ పొలంలో శత్రువు రాత్రివేళ గురుగులు చల్లిపోయిన ఉపమానం మనకు తెలుసు (మత్తయి 13). వెంటనే పెరికేస్తామని దాసులు తొందరపడితే, గోధుమలు కూడా ఊడివస్తాయని యజమాని ఆపాడు. ప్రభువు వ్యవసాయం నేర్పడానికి ఈ ఉపమానం చెప్పలేదు. దాని భావం అంత్యతీర్పును గూర్చినది. అయినా కలుపు తీసే తొందరలో నష్టం ఎవరికి జరుగుతుందోనని ముందే ఆలోచించిన ఆ యజమాని మనసు ప్రతి రైతూ నేర్చుకోదగినదే.

సాగర్ ఎడమ కాల్వ నీళ్లు పారే నేరేడుచర్ల ప్రాంతంలో ఒకప్పుడు కలుపంటే ఆడకూలీల పని. ఇప్పుడు కూలీలు దొరకడం కష్టం, దొరికినా ఖర్చు భారం. అందుకే రైతు గడ్డిమందు డబ్బా అందుకుంటున్నాడు. అతణ్ని నిందించడం సులువే కానీ, అతని అప్పు తీర్చేదెవరు?

పత్తిలో ఈ ఆశ ఇంకొంత ముందుకెళ్లింది. పురుగును తట్టుకోవడానికి మట్టిలోని బాక్టీరియా జన్యువును చేర్చిన బీటీ పత్తికి 2002లో మన దేశం అనుమతిచ్చింది. కొన్నేళ్లకు గులాబీరంగు పురుగు ఆ రక్షణను దాటేసింది. గ్లైఫోసేట్ చల్లినా చావని పత్తికి మాత్రం ప్రభుత్వ అనుమతి లేదు. అయినా అది ‘బీజీ-3’ పేరుతో దొంగచాటుగా చేతులు మారుతోంది. గ్లైఫోసేట్ క్యాన్సర్‌కు బహుశా కారణం కావచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో ప్రకటించింది. దానితో ఏకీభవించని నిపుణ సంస్థలూ ఉన్నాయి. తెలంగాణ ప్రభుత్వం 2018లో దాని అమ్మకాలపై ఆంక్షలు పెట్టింది.

రెండు రకాల విత్తనాలు ఒకే పొలంలో చల్లవద్దన్న లేవీయకాండపు ఆజ్ఞను చూపి, జన్యుమార్పిడి పంటలన్నీ పాపమని కొందరు తేల్చేస్తారు. ఇంత పెద్ద ప్రశ్నకు ఆ ఒక్క వచనంతో జవాబు చెప్పలేం. విజ్ఞానం కూడా దేవుడిచ్చిన ఈవే. అయితే అదే ధర్మశాస్త్రంలో మరో కట్టడ ఉంది. గొయ్యి తవ్వి కప్పకుండా వదిలేస్తే, అందులో పడి చచ్చిన ఎద్దుకు ఆ గొయ్యి తవ్వినవాడే నష్టం కట్టాలి (నిర్గమ 21). గడ్డిమందుకు సరిగ్గా వర్తించే మాట ఇది. చల్లించేది భూమి యజమాని, పీల్చేది కూలి. మందు గాలికి కొట్టుకుపోతే మాడేది పక్కవాడి పైరు. పారాక్వాట్ అనే గడ్డిమందు కడుపులోకి వెళితే దానికి విరుగుడు మందే లేదు. తప్పుడు త్రాసును అసహ్యించుకునే దేవుడు, లోపల ఏముందో చెప్పకుండా అమ్మిన విత్తన సంచిని మెచ్చుతాడా?

ప్రియులారా, మన సంఘాల్లో పొలాలున్నవారున్నారు, విత్తనాల దుకాణాలున్నవారున్నారు, వీపున పంపు మోసేవారూ ఉన్నారు. ఆదివారం ఒకే రొట్టె పంచుకునే మనం, సోమవారం విషాన్ని ఒక్కడి ఊపిరికే వదిలేస్తే ఆ సహవాసానికి అర్థమేముంది? అనుమతి లేని విత్తనం కొనం, అమ్మం. మాస్కు, చేతితొడుగులు ఇవ్వకుండా ఎవరి భుజానికీ పంపు ఎత్తం. ఖాళీ డబ్బా కాల్వలో పడెయ్యం. విత్తనాలు వేసే ముందే ప్రతి సంఘమూ ఈ తీర్మానాలు చేసుకోవాలి.

కోత పండుగనాడు మనం తెచ్చే ధాన్యాన్ని దేవుడు బస్తాలతో కొలవడు. దాన్ని పండించే క్రమంలో పొరుగువాణ్ని ఎలా చూశామో అడుగుతాడు.